సగం మర కిందికి

మా ఆవిడ చెల్లెలు ఫ్యాక్టరీలో కొలతల గదిలో పనిచేస్తుంది. నేను మెషిన్ మీద పంపు మూతలకు బోల్టులు బిగించే మర రంధ్రాలు వేస్తాను, ఆమె వాటిని కొలుస్తుంది. ఇంట్లో బావా బావా అని నోరారా పిలిచే పిల్ల, ఆ గదిలో మాత్రం ఎర్రపెన్ను పట్టుకుని కూర్చుంది.

"రంధ్రాలన్నీ ఒకే పక్కకి జరిగాయి బావా."

సూపర్‌వైజర్ ఒక్కటే మాట అన్నాడు. సాయంత్రానికి కారణం తేలకపోతే మూతలన్నీ తుక్కులోకి, నేను మెషిన్ మీంచి గోడౌన్‌లోకి. నాకు ఒళ్లు మండింది.

"నీ కొలిచే సూదికే కళ్లు సరిగా లేవు," అన్నాను.

"ఆడలేక మద్దెల ఓడన్నాడట."

"నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్లు."

నాతో మాటకి మాట అంది గానీ ఆమెనూ ఏదో తొలుస్తోంది. "మెషిన్ తప్పయితే మర లేని రంధ్రాలు కూడా జరగాలి కదా. అవి చక్కగా ఉన్నాయే," అంది.

ఆ మాటతో నా కోపం ఎటు పోయిందో తెలీదు. నేనూ కొలతలు కనిపించే తెర మీదికి వంగాను. కొలిచే సూది కొసన ఎర్రటి చిన్న గుండు ఉంటుంది. అది రంధ్రంలోకి దిగి, నాలుగు వైపులా గోడని ముట్టుకుని, నడిమధ్య ఎక్కడో చెబుతుంది.

"ఇంకాస్త కిందికి దింపి చూడు," అన్నాను.

ఒక మర చుట్టు ఎత్తులో సగం దింపింది. ఇందాక కుడికి జరిగిన రంధ్రం ఈసారి ఎడమకి జరిగింది. ఇద్దరం మొహాలు చూసుకున్నాం. ఇనుములో రంధ్రం నడుస్తుందా?

ఆమె ఒక బోల్టు తీసి, మరల మీద గోరు తిప్పుతూ కూర్చుంది. "ఇది మెలిక తిరుగుతూ దిగుతుంది బావా. ఒకే ఎత్తులో ముట్టుకుంటే ఇటు గట్టు తగులుతుంది, ఎదురుగా గాడి తగులుతుంది. అందుకే నడిమధ్య గాడి వైపు జరిగినట్టు కనిపిస్తోంది. సగం మర కిందికి దిగితే గట్టూ గాడీ తారుమారవుతాయి. మరని వదిలేసి కొలవాలి."

టూల్‌రూం నుంచి కింద మర, పైన నున్నటి ఒళ్లు ఉన్న కడ్డీ తెచ్చాం. దాన్ని రంధ్రంలో బిగించి, నున్నటి భాగాన్ని అడుగునా పైనా కొలిచాం. ఒక్కొక్క రంధ్రమే తన చోటికి వచ్చేసింది. నా ప్రాణం కూడా.

చూశావా అనబోతుంటే ఆఖరి మూత వచ్చింది. మూల రంధ్రంలో కడ్డీ అడుగున సరిగ్గా ఉంది, పైన పక్కకి ఒరిగింది. సూది ఒక్కటే అయితే ఆ ఒరుగు బయటపడేది కాదు.

ఆమె పెన్ను ఎత్తలేదు. "సరిగా బిగించలేదేమో. మళ్లీ చూడనా బావా?"

నేనే విప్పి, తుడిచి, మళ్లీ బిగించాను. కడ్డీ అలాగే ఒరిగింది. మొద్దుబారిన డ్రిల్లు దారి తప్పింది, ఇంకేమీ కాదు.

"పెన్ను ఇలా ఇవ్వు," అన్నాను.

"నేను పెడతాలే."

"పొద్దుటినుంచీ నీ కొలత నమ్మమని పోట్లాడావు. ఇప్పుడు నమ్ముతున్నా."

ఎర్రగీత నేనే గీశాను. మిగతా వాటన్నిటికీ ఆమె సరే అని రాసి, కాగితం సూపర్‌వైజర్‌కి పంపింది. ఒక్క మూత తుక్కులోకి వెళ్లింది. నేను డ్రిల్లు మార్చడానికి నా మెషిన్ దగ్గరికి వెళ్లాను.