తలకంకి

విత్తనం సంగతిలో తనకు చెప్పే మొనగాడు బేరిగై చుట్టుపక్కల లేడని గుర్రప్ప నమ్మకం. హోసూరు కంపెనీకి విత్తనాల మొక్కజొన్న పండించి ఇచ్చేవాడు మరి! కల్తీ మొక్క కంటబడితే చాలు, పూత విప్పకముందే వేళ్ళతో సహా లాగి గట్టున పారేసేవాడు. ఆ పనిలో ఎవరడ్డం వచ్చినా ఆగే రకం కాదు.

ఆయన భార్య మద్దమ్మ దారి వేరు. ఇంటి వెనక మడిలో ఒక వింత మొక్కజొన్నను పెంచేది. మామూలుగా మొక్కజొన్నకు తలమీద ఉండేది మగపూత. పుప్పొడి రాల్చి ఎండిపోతుంది. పీచు, గింజ నడుమనున్న కండెకే. మద్దమ్మ మొక్కలకు మాత్రం తలమీద కూడా పీచు వచ్చి గింజ పట్టేది. ఆమె దాన్ని తలకంకి అనేది. ఏటా ఆ తలగింజలే నాటేది. వాటిలో సగం తలకంకులయ్యేవి, సగం మామూలుగానే వచ్చేవి. ఆ మామూలువాటిని పీకెయ్యమని గుర్రప్ప ఒకటే పోరు. విత్తనం పెట్టడం చేతకాదని నలుగురిలో ఎగతాళి కూడా చేసేవాడు, పెద్ద తెలిసినవాడిలా. ఆమె నవ్వి ఊరుకునేది. ఒక్కసారి మాత్రం, "ఉండనీ, వాటికి తోడుగా ఉంటాయి" అంది.

2003లో మద్దమ్మకు కామెర్లు ముదిరాయి. కృష్ణగిరి పెద్దాసుపత్రిలో చేర్చినా మనిషి దక్కలేదు. పోయేముందు ఆమె అడిగింది ఒక్కటే.

"సొరబుర్రలో విత్తనం ఉండాది. దాన్ని మాత్రం పోనియ్యొద్దు."

గుర్రప్ప చేతిలో చెయ్యేసి మాటిచ్చాడు. బతికున్నప్పుడు ఎంత ఆడిపోసుకున్నానో అని లోలోపల కుమిలిపోయాడు. తనకు తెలిసిన విద్యంతా ఇప్పుడు ఆ విత్తనానికే పెట్టాలనుకున్నాడు. సొరబుర్ర బోర్లించి ఒక్క గింజ మిగల్చకుండా నాటాడు. పక్కవాళ్ళ పంట గాలి కూడా సోకకూడదని, మొక్కజొన్న జాడే లేని గుట్ట వెనక చేను ఎంచుకున్నాడు. బిందెలతో నీళ్ళు మోశాడు. పూత తొంగిచూసే రోజుల్లో పొద్దున్నే వెళ్ళి, మగపూత కనబడిన ప్రతి మొక్కనూ పీకేశాడు. చేనంతా మద్దమ్మ మొక్కలే మిగిలాయి. గట్టున కూర్చుని, చూస్తివా, విత్తనమంటే ఇట్లా పెట్టాల అని ఆమెకు చెప్పుకున్నాడు. ఆమె పోయాక కడుపునిండా తిన్నది ఆ రోజే.

పీచు ఎన్నడూ లేనంత పొడుగు పెరిగింది. తలమీదా, నడుమనా, విప్పిన జడల్లా వేలాడింది. గుర్రప్ప మురిసిపోయాడు. కంపెనీ తరఫున పొలాలు చూసే పద్మనాభం, నెల్లూరు నుంచి వచ్చిన కుర్రాడు, అటుగా వస్తే చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి చూపించాడు.

పద్మనాభం తల వంచి పీచును పట్టిపట్టి చూశాడు. మొక్కజొన్నలో ప్రతి పువ్వూ మొదట ఆడా మగా రెండూగానే మొదలవుతుందని, తలమీది పువ్వులో ఆడభాగం అణిగిపోయి మగపూత మిగులుతుందని చెప్పాడు. ఈ మొక్కల జన్యువులో ఏదో మార్పు వచ్చి అది అణగలేదట, మగభాగమే పోయిందట. అందుకే తలలో గింజ. చెబుతూ చెబుతూ చుట్టూ చూశాడు.

"వీటికి పుప్పొడి ఉండదు పెద్దాయనా. మామూలు మొక్కలేవీ?"

"పీకేసినాను సార్. కల్తీ కదా."

పద్మనాభం మొక్కల మధ్యకు వెళ్ళాడు. ఒక కండె విరిచి పైపొరలు ఒలిచాడు. లోపల తెల్లటి బెండు, ఒక్క గింజ లేదు. పుప్పొడి తగలకపోతే పీచు అలా సాగుతూనే ఉంటుందని మెల్లగా చెప్పాడు. ఇంకా విత్తనం ఏమైనా దాచారా అని అడిగితే గుర్రప్ప తల అడ్డంగా ఊపాడు.

గట్టున ఆయన పీకి పారేసిన మొక్కలు ఎండి పడున్నాయి. గుర్రప్ప వెళ్ళి ఒకటి తెచ్చి, దాని పూతను ఆ పొడుగు పీచు మీద దులిపాడు. మట్టి రాలింది. ఇంకొకటి తెచ్చాడు. పద్మనాభం వద్దని చెయ్యి పట్టుకున్నాడు.

"తోడుగా ఉంటాయని చెప్పింది సార్" అన్నాడు గుర్రప్ప. "నాకు చెప్పింది."

చెయ్యి విడిపించుకుని మళ్ళీ గట్టు వైపు నడిచాడు.