ఒక పక్క జడ

నేను ఒక ప్రాంప్టరు పుస్తకాన్ని. అంటే, నాటకం ఆడుతుంటే తెర పక్కన నిలబడి, నటులు మరిచిపోయిన మాటను మెల్లిగా అందించే మనిషి చేతిలో ఉండే రాతప్రతిని. ఒంటినిండా అక్షరాలే గానీ నాకు చదువు రాదు నాయనా. నాకు తెలిసిందంతా చెవిన పడిందే. పడిందంటే మాత్రం ఇక పోదు.

చీరాలలో ఒక బైండింగు ముసలాయన నన్ను కుట్టాడు. మూడు పోగుల ఎర్రతాడుతో అట్ట బిగించి, ముడి వేశాక రెండు కొసలూ జానెడేసి వదిలేశాడు. కొనడానికి వచ్చిన కోటిలింగం "కత్తిరించు తాతా" అంటే, "ఉండనీవయ్యా, ఆడపిల్ల జడల్లా ముచ్చటగా లేవూ!" అన్నాడు. కోటిలింగం నవ్వేశాడు. ఆయనింట్లో అప్పటికే ఒక ఆడపిల్ల ఉంది మరి.

నిడమర్తి పురుషోత్తంగారు రాసిన 'నీటిమేడ' నాటకాన్ని కోటిలింగమే గుండ్రటి అక్షరాలతో నాలోకి ఎక్కించాడు. ఆయన నాటక సమాజానికి ప్రాంప్టరు. ఆయన భార్య మాణిక్యానిది అందులో తల్లి వేషం. ఆవిడకీ నాలాగే చదువు లేదు. మొగుడు చదువుతుంటే విని పట్టేసేది. అందుకే మా ఇద్దరికీ అంత పొత్తు.

నాటకాలవాళ్ళ పట్టింపులు చిత్రంగా ఉంటాయి. ఆడిన ప్రతిసారీ రచయిత దగ్గర అనుమతి ఉత్తరం తెచ్చుకుని, మొదటి గంట కొట్టకముందు అందరికీ చదివి వినిపించి, నా లోపలి అట్టకి అంటించేవారు. కానీ నన్ను మాత్రం ఆ రచయిత కంట పడనిచ్చేవారు కాదు. ఆడగా ఆడగా మాటలు మారతాయి కదా, మారినవన్నీ నాలోనే ఉంటాయి. తాను రాసిందే ఆడుతున్నారని ఆయన మురిసిపోయేవాడు. వీళ్ళు నమస్కారం పెట్టి వచ్చేసేవారు. అందరూ సుఖంగా ఉండేవారు.

కోటిలింగం, మాణిక్యాల కూతురు పగడానికి ఆరేళ్ళు. బడికి పంపుతూ తల్లి రెండు జడలు వేస్తుంటే, ఒకటి పూర్తయ్యేసరికి ఆ పిల్ల ఒళ్ళోనే ఒరిగిపోయింది. జ్వరం నెత్తికెక్కిందన్నారు. మళ్ళీ లేవలేదు.

పదమూడు రోజులు తిరక్కుండానే, ముందే ఒప్పుకున్న నాటకం ఒకటి వచ్చిపడింది. మాణిక్యం వేషం కట్టింది. చివరి రంగంలో చనిపోయిన బిడ్డ ముందు తల్లి, "ఓ విధీ! నిర్దయా! నా నోముల పంటను అపహరించితివా!" అనాలి. ఆవిడ నోరు పెగల్లేదు. కోటిలింగం మాట అందించాడు. మళ్ళీ అందించాడు. ఆవిడ నేలమీద కూలబడి, వేషం వేసిన పిల్ల తల నిమురుతూ, "లేమ్మా, ఒక పక్కే వేశాను జడ. రెండోది వేయించుకోకుండా ఎక్కడికే?" అంది.

కోటిలింగం పెన్సిలు తీసి, సిరా అక్షరాల పక్కన ఆ మాటలు రాసుకున్నాడు. రాస్తుంటే నామీద ఏం పడిందో మీకు చెప్పక్కర్లేదు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు ఆ మాటలే ఆడారు.

సమాజం పోయింది. పురుషోత్తంగారు పోయారు, కోటిలింగమూ పోయాడు. మాణిక్యం ట్రంకుపెట్టెలో కలరా ఉండల వాసన పీలుస్తూ నేను మిగిలాను. అప్పుడొచ్చింది హిమబిందు, పాత నాటకాల మీద పరిశోధన చేసే పిల్ల.

"మామ్మా, ఈ నాటకానికి ఇంకో ప్రతి ఎక్కడా లేదు. మా విద్యార్థుల చేత ఆడిస్తాను."

"ఆడించు తల్లీ. నా పగడం మాట ఇంకొకళ్ళ నోట విని పోతాను. అంతకన్నా నాకేం వద్దు" అంది మాణిక్యం.

అనుమతి కోసం హిమబిందు పురుషోత్తంగారి అబ్బాయికి ఉత్తరం రాసింది. ఊరికే అడిగుంటే సంతకం పెట్టేవాడే. కానీ పరిశోధన చేసే పిల్ల కదా, ఉన్నదున్నట్టు చెప్పకపోతే అన్నం సయించదు. పెన్సిలు మాటల సంగతంతా విప్పిచెప్పి, ఆ పేజీకి ఫోటో తీసి మరీ జతచేసింది. ఇన్నేళ్ళూ రచయిత ఇంటి గడప తొక్కని నేను అలా ఫోటోగా తొక్కాను.

జవాబొచ్చింది, హిమబిందు పైకి చదివింది. 'మా నాన్నగారు రాసింది రాసినట్టు ఆడితేనే అనుమతి. ఇతరులు చేర్చిన మాటలు చెరిపివేయాలి.'

"నావల్లే మామ్మా! నేనే చెడగొట్టాను. అసలు ఆడించను, మానేస్తాను" అని ఆ పిల్ల ఒకటే ఏడుపు.

మాణిక్యం ఆ పిల్ల కళ్ళు తన కొంగుతో తుడిచింది. తర్వాత, "పిచ్చిదానా, నువ్వు మానేస్తే మొత్తం నాటకమే పోతుంది. ఆయన తండ్రిని ఆయన దాచుకుంటున్నాడు, తప్పేముంది? తుడిచెయ్యి" అంది.

చెమట, తమలపాకు మరకలు, అగరు పొగ, అన్నీ ఓర్చుకున్నాను. ఆ రబ్బరుకి మాత్రం నా ఒళ్ళు వణికింది.

నాటకం రోజు మొదటి గంటకు ముందు అనుమతి ఉత్తరం చదివారు. చివరి రంగంలో తల్లి వేషం వేసిన అమ్మాయి "ఓ విధీ! నిర్దయా!" అని ఒక్క అక్షరం పొల్లుపోకుండా చెప్పింది. చప్పట్లు మోగాయి. మొదటి వరసలో మాణిక్యం కూడా కొట్టింది.

అంతా అయ్యాక హిమబిందు నన్ను తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టింది. ఆవిడ నన్ను తెరవలేదు. నా ఎర్రతాడు కొస ఒకటి తీసుకుని, మూడు పోగులూ విడదీసి, మెల్లగా జడ అల్లింది. చివర ముడి వేసింది.

"రెండోది కూడా అల్లండి మామ్మా."

"వద్దులే అమ్మా. అదలాగే ఉంది."

ఇప్పుడు నేను విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో, అద్దాల బీరువాలో ఉన్నాను. నామీద ఒక్క పురుషోత్తంగారి పేరే ఉందట. బీరువా చూసే ఉద్యోగి మంచివాడు, శుభ్రం మనిషి. దుమ్ము దులిపినప్పుడల్లా నా రెండో కొస చేతిలోకి తీసుకుని, "దీన్నెందుకు వదిలేశారో!" అని విసుక్కుంటాడు. ఏదో ఒక రోజు తోచక, దాన్నీ అల్లేస్తాడేమోనని నాకు భయం.