మూత కింది చుక్కలు

భర్త ఓడెక్కిన రోజునుంచీ మిసుజు పొద్దున్నే మూడు గిన్నెల్లో అన్నం వడ్డిస్తుంది. ఒకటి తనకు, ఒకటి అత్తగారికి, ఒకటి కోహేయ్‌కి. దక్షిణ సముద్రాల్లో చేపల ఓడ మీద వైర్‌లెస్ చూసే కోహేయ్ వచ్చి తినలేడు కదా. అయినా పొగలు కక్కే అన్నానికి నల్ల లక్క మూత పెట్టి, కిటికీ పక్కన అతను కూర్చునే చోట ఉంచాలి. కాసేపాగి మూత ఎత్తాలి. లోపల నీటి చుక్కలుంటే దూరాన ఉన్న మనిషి క్షేమమని నమ్మకం.

"ఏమంటున్నాడే మీ ఆయన?" అత్తగారు ఉమె రోజూ అడిగేది.

"చెమటలు కారుస్తున్నారు అత్తయ్యా. నా మీద బెంగ."

"బెంగా పాడా! వాడికి చిన్నప్పట్నుంచీ వేడన్నం పడదు."

పెళ్లయి అయిదు నెలలు. అందులో మూడు సముద్రమే మింగేసింది. అయినా ఆ చుక్కలు చూసుకుంటే మిసుజుకి రోజంతా పండగే.

ఆమె పని బొమ్మల కథలు గీయడం. ఆడపిల్లల వారపత్రికలో యుద్ధకాలపు ప్రేమకథలు. ఎనిమిదేళ్లలో ఆరు కథలు, ఆరుగురు కథానాయకులు. యుద్ధానికి వెళ్లినవాడు ఒక్కడూ తిరిగి రాలేదు. ఏడోవాడు నౌకాదళపు లెఫ్టినెంట్ తకమినె. అతని కోసం సాయొ అనే పిల్ల రోజూ అన్నం పెట్టి మూత ఎత్తి చూస్తుంది. మిసుజు గీసింది తన ఇంటి మూతనే.

బొమ్మలో మూత లోపలంతా నల్ల సిరా నింపి, ఆరాక తెల్లరంగుతో చుక్కలు పెట్టాలి. ఆ వారం సిరా ఆరేలోపు కోహేయ్ ఉత్తరం వచ్చింది. "ఇక్కడ అలల చప్పుడుకన్నా మా కెప్టెన్ గురకే పెద్దది" అని రాశాడు. మిసుజు దాన్ని నాలుగుసార్లు చదివి, నవ్వుకుంటూనే బొమ్మలు కట్టి పంపేసింది. చుక్కలు పెట్టనే లేదు.

బుధవారం పత్రిక బజారులోకి వచ్చింది. ఆ ఉదయం మిసుజు ఎత్తిన మూత పొడిగా ఉంది.

"మూత బీటలిచ్చిందేమో" అంది ఉమె. వేరే మూత పెట్టారు. అన్నం పొగలు కక్కుతూనే ఉంది, మూత మాత్రం తుడిచి పెట్టినట్టుంది. గురువారమూ అంతే. ఉమె వెక్కిరించడం మానేసింది.

శనివారం నోతో తీరం నుంచి కినువె అనే ఆవిడ ఉత్తరం వచ్చింది. "అమ్మా, మా ఆయన ఓడ ఏమైందో ఎవరూ చెప్పలేదు. ఇరవయ్యేడేళ్లుగా గిన్నె పెడుతున్నాను. ఒక్కరోజు కూడా మూత ఎండలేదు. మా మనవరాలి పత్రికలో మీ బొమ్మ చూసిన రోజునుంచీ ఎండిపోయింది. ఆ చుక్కలు తిరిగి పెట్టరూ?"

తకమినె చావు కబురు తెచ్చే చివరి భాగం గీసి బల్లమీద ఉంది. మిసుజు సంపాదకుడు కుసకాబెకి ఫోన్ చేసింది.

"చివరి పేజీ మారుస్తాను."

"అయ్యో, ఎందుకండీ? ఆ ఎండిన మూత చూసి ఆఫీసులో ఆడవాళ్లంతా ఒకటే ఏడుపు. ఎంత బాగా సూచించారు!"

"సూచించలేదు, మరిచిపోయాను."

"ఆరుగురిని చంపిన చెయ్యి. ఏడోవాడి దగ్గరకొచ్చేసరికి వణుకుతోందా?"

"వణుకుతోంది. మా ఆయన సముద్రం మీదున్నాడు."

"పోనీ, తకమినె బతికొచ్చినట్టేనా?"

"తెలీదు. చుక్కలు మాత్రం ఉంటాయి."

పాత పేజీ చింపేసి కొత్తది గీసింది. సాయొ చేతిలో మూత, అంతే. నల్లని సిరా మీద ఊపిరి బిగబట్టి ఒక్కొక్క తెల్లచుక్కా పెట్టింది. చుక్కలు పెడుతున్నంతసేపూ పక్కన ఎవరో వంగి చూస్తున్నట్టు మెడ వెనక చల్లగా తగిలింది.

మళ్లీ బుధవారం వచ్చింది. మూత ఎత్తితే లోపల ముత్యాల్లా చుక్కలు. ఉమె కొంగుతో కళ్లొత్తుకుని, "వీడి తాత కూడా ఓడెక్కి ఇలాగే ఏడిపించేవాడు" అని తిట్టింది.

ఆదివారం ఉదయం అత్తాకోడళ్లు కినువె రెండో ఉత్తరం చదివారు. "చుక్కలు తిరిగొచ్చాయమ్మా. ఒకటి చేతి మీదికి జారితే నాలుకకి తాకించాను. ఇన్నేళ్లలో ఆ బుద్ధే పుట్టలేదు. ఉప్పగా ఉంది. సముద్రమే. ఆయన ఎక్కడున్నాడో ఇప్పుడు తెలిసింది. ఇక గిన్నె చనిపోయినవాళ్ల పీఠం దగ్గర పెడతాను. మీకు రుణపడి ఉంటాను."

ఇద్దరూ కిటికీ పక్కకి చూశారు. గిన్నె మూత పెట్టి ఉంది. మిసుజు లేచి వెళ్లింది. మూత ఎత్తి ఒక చుక్క వేలి కొనకి తీసుకుంది. నోటి దాకా తేవడానికి చాలాసేపు పట్టింది.

ఉమె గోడవైపు తిరిగి నిలబడింది. "ఏమంటున్నాడే?"

చుక్కలో కొత్తబియ్యపు కమ్మదనం, అంతే. మిసుజు వెనక్కి తిరిగింది. "ఉప్పు తగల్లేదట అత్తయ్యా."

ఉమె పకాలున నవ్వింది. "వాడినే కలుపుకోమను! చుట్టూ ఉన్నది ఉప్పేగా!"

అన్నాక నాలుక కరుచుకుంది. మిసుజు చప్పుడు కాకుండా మూత తిరిగి పెట్టేసింది.