లిఫ్టు గోడ మీద నాన్న

నా భార్య చేసినదాన్ని నా కూతురు నేను చేసినట్టు అచ్చు వేయించింది. ఇది నా అనుమానం కాదు, జరిగిన విషయం. దీనికి క్షమాపణ లేదు.

పిల్లల ఆసుపత్రిలో లిఫ్టు నడపడం నా పని. ఆరు అంతస్తులు, ఒక స్టూలు. అమ్మాయి అదే ఆసుపత్రిలో మూడో అంతస్తులో పనిచేస్తుంది. పిల్లల్ని ఎలా పెంచాలో తల్లిదండ్రులకు చెబుతుంది. నర్సింగు విద్యార్థులకు పాఠాలూ చెబుతుంది. రోజుకు నాలుగుసార్లు ఆమెను పైకీ కిందికీ మోసేది నేనే.

వేసవి మొదట్లో ఆసుపత్రి పత్రికలో ఆమె వ్యాసం వచ్చింది. పేరు "బిడ్డ పిలిస్తే పలకండి". బిడ్డ ఏడిస్తే మారాం అని కొట్టిపారేయకూడదని, ఎందుకు ఏడుస్తోందో కనుక్కోవాలని అందులో ఉంది. అంతవరకు బాగానే ఉంది. రెండో పేరాలో నేను మొదలయ్యాను. "మా నాన్న చేతిలో ఏ పని ఉన్నా ఆపేసేవారు. నా ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఏమైంది తల్లీ, చెప్పు, వింటున్నా అనేవారు. నేను చెప్పడం పూర్తయ్యేదాకా లేచేవారు కాదు."

ఊరిబడిలో ఏడో తరగతి దాకా చదివాను. ఆ మూడు వాక్యాలకు ఆ చదువు చాలు. అందులో ఒక్క ముక్క కూడా నేను కాదు. ఆ మాట నా భార్యది. కుట్టుమిషను మీద కాలు ఆపి, సూది గుడ్డలో ఉండగానే లేచి వెళ్లేది. బట్టల కోసం వచ్చి కూర్చున్నవాళ్లు గొణిగినా పట్టించుకునేది కాదు. అదే గదిలో నేను రేడియో సౌండు పెంచేవాణ్ని. ఏడిస్తే ఊపిరితిత్తులు గట్టిపడతాయని చెప్పేవాణ్ని.

ఆమె పోయి నాలుగేళ్లు. ముందు మోకాళ్లు పోయాయి, తర్వాత మనిషి.

పత్రిక చూసుకునే పెద్దాయనకు వ్యాసం తెగ నచ్చింది. పెద్ద అక్షరాల్లో వేయించి లిఫ్టులో అంటించాడు. సరిగ్గా నా స్టూలుకు ఎదురుగా. రోజుకు ఎనిమిది గంటలు నా మంచితనాన్ని చూస్తూ కూర్చోవాల్సి వచ్చింది.

"ఇంత మంచోడివని ఇన్నాళ్లూ చెప్పనేలేదే బాబాయ్!" అంది నాలుగో అంతస్తు నర్సు.

"మా ఆయన్ని ఓ వారం నీ దగ్గర వదిలేస్తా. కాస్త దారిలో పెట్టు" అంది ఆమె పక్కనున్నామె.

"ఏ అంతస్తు?" అన్నాను.

"చూశావా, ఎంత వినయమో!"

ఆ సాయంత్రం ఇంట్లో అమ్మాయిని నిలదీశాను. ఆరిన బట్టలు మడతపెడుతోంది.

"అందులో ఉన్నది మీ అమ్మ కదా?"

"అవును నాన్నా."

"మరి నన్నెందుకు పెట్టావ్?"

"తల్లులు ఎలాగూ చేస్తున్నారు. వాళ్లకి కొత్తగా చెప్పేదేముంది? చదవాల్సింది తండ్రులు. అమ్మ అని రాస్తే ఇదేదో ఆడవాళ్ల గోల అనుకుని పేజీ తిప్పేస్తారు."

"అందుకని అబద్ధం రాస్తావా?"

"అబద్ధమేముంది? చేసిన పని నిజమే. చేసిన మనిషే మారింది."

"నేను చేసిందే రాయాల్సింది."

"ఏమని? రేడియో సౌండు పెంచాడనా? అదెవరికి పనికొస్తుంది నాన్నా?"

నా చొక్కా మడతపెట్టి నా చేతికే ఇచ్చింది.

మరుసటి వారం ఒకాయన లిఫ్టెక్కాడు. భారీ మనిషి, చంకలో హెల్మెట్. నాలుగేళ్ల కొడుకు ఏడుస్తున్నాడు. ఆయన అంతకుముందు రెండుసార్లు ఆ గోడ మీద కాగితం చదవడం నేను చూశాను. అందులోని నాన్న నేనేనని నర్సులు చెప్పినట్టున్నారు. ఆ రోజు హెల్మెట్ కింద పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని, "ఏమైంది నాన్నా, చెప్పు, వింటున్నా" అన్నాడు. పిల్లవాడు ఏడుపు ఆపి చెవి చూపించాడు. ఆయన తలెత్తి నావంక చూశాడు, నేర్పిన పాఠం అప్పజెప్పి పంతులు మెప్పు కోసం చూసినట్టు. నేను తలుపు తెరిచాను. ఒళ్లు మండిపోయింది. నా భార్య మాట ఊరంతా తిరుగుతోంది, నా పేరు చెప్పుకుని.

సరిగ్గా అప్పుడే వచ్చింది అమ్మాయి దగ్గర పాఠాలు వినే ఒక నర్సింగు పిల్ల. పొట్టిగా ఉంటుంది. అట్టకు కాగితం బిగించుకుని, దిగాల్సిన చోట దిగకుండా నిలబడింది.

"మేడమ్ మాకో పనిచ్చారు బాబాయ్. పెంపకం మీద ఏదైనా వ్యాసం కనబడితే దాన్ని నమ్మొచ్చో లేదో తేల్చాలి. ఎవరు రాశారు, ఏ ఆధారంతో రాశారు, ఎవరి కోసం రాశారు."

"ఏ వ్యాసం?"

పెన్నుతో గోడ చూపించింది.

తప్పులు వెతకడం నేర్పుతూ నా కూతురు తన వ్యాసమే చేతికిచ్చింది. అంత ధీమా.

"మిగతావాళ్లు రాసేశారా?"

"ఎప్పుడో! మేడమ్‌కి పెద్ద చదువుంది, పరిశోధనల పేర్లిచ్చారు, ఆసుపత్రే వేసింది, కాబట్టి నమ్మొచ్చు అని రాసి క్యాంటీన్‌కి పోయారు. నా బుర్రే మట్టిబుర్ర. సాక్షి ఇక్కడుంటే పైన కూర్చుని ఎలా రాస్తాను?"

రెండో అంతస్తులో స్ట్రెచర్ ఎక్కింది. ఆ పిల్ల గోడకు అతుక్కుని నిలబడింది. స్ట్రెచర్ దిగాక మళ్లీ మొదలెట్టింది.

"ఈ నాన్న మీరే కదా?"

"కాదు."

"అదేంటి?"

"అది వాళ్లమ్మ. నేను రేడియో పెట్టుకుని కూర్చునేవాణ్ని."

పెన్ను ఆగిపోయింది. "బాబాయ్, ఈ కాగితం దిద్దేది మేడమే."

"తెలుసు."

"నా మార్కులు..."

"తేల్చమన్నారు కదా? తేల్చు."

ఐదు రోజుల తర్వాత అమ్మాయి ఒంటరిగా లిఫ్టెక్కింది. చేతిలో ఆ పిల్ల కాగితం. గట్టిగా చదివింది. "ఎవరి కోసం: తండ్రుల కోసం. వాళ్లు నిజంగానే చదువుతున్నారు. నమ్మొచ్చా: నాన్న అన్న చోట నమ్మకూడదు. మిగతాదంతా నమ్మొచ్చు."

"ఎన్ని వేశావ్?"

"పదికి పది. ఇంకేం వేయను?"

రెండు రోజుల్లో గోడ మీద కొత్త కాగితం వచ్చింది. నాన్న అన్న ప్రతిచోటా అమ్మ. కుట్టుమిషను కూడా పెట్టింది. రేడియో సంగతి మాత్రం రాయలేదు. ఆ జాలి నేను అడగలేదు.

తల్లులు చదివి "ఆఁ, తెలిసిందేగా" అనుకుని దిగిపోయారు. తండ్రులు మొదటి వాక్యం దాకా వచ్చి, తలుపు మీద మారే అంకెల వైపు చూపు తిప్పుకున్నారు. శనివారాల్లో అమ్మాయి పెట్టే తండ్రుల తరగతికి అంతకుముందు తొమ్మిది మంది వచ్చేవారు. ఇప్పుడు ఇద్దరు. అందులో ఒకాయన అంతస్తు తప్పి వచ్చాడు.

హెల్మెట్ ఆయన మళ్లీ వచ్చాడు. కొత్త కాగితం చదివాడు. మోసపోయినవాడిలా నావంక చూశాడు. పిల్లవాడు చెవి పట్టుకుని ఏడుపు అందుకున్నాడు. తండ్రి అంకెలు చూస్తూ నిలబడ్డాడు. పిల్లవాడు నావైపు తిరిగి ఇంకా గట్టిగా ఏడ్చాడు. నేనూ అంకెలే చూశాను.

ఆ సాయంత్రం చివరి ట్రిప్పులో అమ్మాయి ఎక్కింది.

"తృప్తిగా ఉందా నాన్నా?"

"మీ అమ్మది మీ అమ్మకు చేరింది."

"చేరింది. ఎవరు చదువుతున్నారు?"

కింది అంతస్తు వచ్చింది. తలుపు తెరిచాను. ఆమె దిగింది, వెనక్కి చూడలేదు.

నేను చేసింది సరైన పనే. దీని గురించి ఇక నోరు విప్పను, ఆమెతో అయినా సరే, ఎవరితో అయినా సరే. ఎవరైనా అడిగితే ఏ అంతస్తుకో చెప్పమంటాను.