ఫ్రిజ్‌లో సూదిమందు

దానియేలుకు షుగర్ ఉందని తేలేసరికే కుడికాలి బొటనవేలు పుండు పడి ఉంది. పూనా దిక్కు కాలువ పనుల్లో ఏళ్ల తరబడి మట్టి తవ్వి ఆత్మకూరుకు తిరిగొచ్చాడు. 2005 చివర్లో వనపర్తి డాక్టరు ఇక గోళీలతో లాభం లేదని సూదిమందు రాశాడు. పొద్దునా సాయంత్రం పొట్టకు వేసుకోవాలి. మందుల దుకాణంలో సీసా చేతికిస్తూ అక్కడి మనిషి ఒక్క మాటే చెప్పాడు.

“సల్లగుండాలె. ఫ్రిజ్‌ల పెట్టుకోండ్రి.”

దానియేలు ఇంట్లో ఫ్రిజ్ ఎక్కడిది? అతని భార్య కాంతమ్మ గిన్నెలు తోమే ఇంట్లో ఉంది. ఎరువుల దుకాణం కురుమూర్తి ఇల్లు అది, రెండు సందుల అవతల. కాంతమ్మ అడిగితే కురుమూర్తి భార్య ఈశ్వరమ్మ కాదనలేదు. ఒక షరతు మాత్రం పెట్టింది.

“దేవునికి పెట్టే పాలు గూడ అండ్లనే ఉంటయి. నువ్వు ముట్టకు. నేనే పెడ్త, నేనే తీసిస్త.”

ఆ ఇంటివాళ్లు తిన్న కంచాలూ, ఆ పాలు కాచిన గిన్నెలూ తోమేది కాంతమ్మే. ఆ మాట నోటిదాకా వచ్చినా ఆమె మింగేసింది. మందు పెట్టుకోనిస్తే అదే చాలనుకుంది.

ఈశ్వరమ్మ సీసాను మూతున్న స్టీలు డబ్బాలో పెట్టి, తమ సామాన్లకు తగలకుండా పై అరలో వెనక్కి నెట్టింది. ఐసు పెట్టె సరిగ్గా దాని పైనే. రోజూ రెండు పూటలా కాంతమ్మ వెనక వాకిట్లో నిలబడేది. ఈశ్వరమ్మ సీసా తెచ్చిచ్చేది. కాంతమ్మ సిరంజిలోకి మందు లాగి, సీసా తిరిగిచ్చి, ఇంటికి పరిగెత్తి మొగుని పొట్టకు తనే సూది వేసేది.

మొదట్లో బాగానే పనిచేసింది. పుండు ఎండసాగింది. దానియేలు ఆదివారాలు చర్చికి నడిచిపోయాడు. ఎండలు ముదరకముందే ఏదో ఒక పనికి పోతానని కూడా అన్నాడు.

ఉగాది దగ్గర పడుతుండగా ఈశ్వరమ్మ ఫ్రిజ్‌కు రోగమొచ్చింది. చల్లబడకపోవడం కాదు, చల్లదనం మితిమీరింది. పై అరలో పాలు గడ్డకట్టేవి. కొత్తిమీర నల్లగా మాడినట్టయ్యేది. టమాటలు గోలీల్లా గట్టిపడేవి. మోటరు రాత్రీ పగలూ ఆగకుండా మోగేది. ఐసు పెట్టె మూత పడనంతగా మంచు పేరుకుంది.

ఈశ్వరమ్మ తనకు తెలిసినవన్నీ చేసి చూసింది. మీట తిప్పి అన్నిటికన్నా తక్కువ నంబరు మీద పెట్టింది. ఫ్రిజ్‌ను గోడకు దూరంగా జరిపింది. తలుపు చుట్టూ ఉన్న రబ్బరు సబ్బునీళ్లతో తుడిచింది. ఒక రోజంతా కరెంటు తీసి మంచు కరగనిచ్చింది. మళ్లీ వేస్తే మళ్లీ అదే కథ.

“మెకానిక్‌ను పిలువుమంటె పిలువవేంది?” అని మొగుణ్ణి అడిగింది.

“సల్లగ కాకుంటె పరేషాన్ గావాలె. సల్లగ ఎక్కువైతె ఏం పోయింది?” అన్నాడు కురుమూర్తి.

ఎండాకాలంలో మెకానిక్ రియాజ్ పిలవగానే దొరికే మనిషీ కాదు. ఈశ్వరమ్మ పాలనూ, టమాటలనూ అడుగు అరకు దించింది. స్టీలు డబ్బా మాత్రం పైనే ఉండిపోయింది.

దానియేలుకు మళ్లీ దాహం మొదలైంది. ఎన్ని నీళ్లు తాగినా నోరెండిపోయేది. మనిషి చిక్కిపోయాడు. ఎండిన పుండు పగిలి చీము పట్టింది. వనపర్తి పోతే డాక్టరు రక్తం పరీక్ష చేయించి, మందు మోతాదు పెంచి, కోప్పడ్డాడు.

“సూది వేసుకుంటూ షుగర్ ఇంతుందంటే నువ్వు నోరు కట్టుకుంటలేవు. కల్లు తాగుతున్నావా?”

లేదని దానియేలు తల ఊపాడు. డాక్టరు నమ్మలేదు. పక్కన కూర్చున్న కాంతమ్మ కూడా నమ్మలేదు. దానియేలు సాయంత్రాలు దోస్తు చిన్నయ్యతో కలిసి కల్లు దుకాణం దిక్కు పోతున్నాడని ఆమె అప్పటికే విని ఉంది. ఇంటికి రాగానే నిలదీసింది.

“తాగుతున్నవ్ గదా? నిజం చెప్పు.”

“పొయ్యేది నిజమే. వాడు తాగుతడు, నేను కూసుంట. ఒక్క సుక్క నోట్ల పోసుకోలే.”

“మరి మందు అబద్ధమాడుతదా?”

దానియేలు గూట్లో ఉన్న బైబిల్ తీసి దాని మీద చెయ్యి పెట్టాడు. కాంతమ్మ ఆ చేతికిందనుంచి పుస్తకం లాగేసుకుంది.

“దీని మీద గూడ ఒట్టేస్తవా? సిగ్గు లేదా?”

అంతటితో ఆగక పాస్టరుకు చెప్పింది. ఆయన మంచికే అనుకొని ఆదివారం అందరి ముందు, తాగుడు బంధకాల్లో ఉన్న దానియేలు కోసం ప్రార్థన చేద్దామన్నాడు. జనం మోకాళ్ల మీద కూర్చుని కళ్లు మూసుకున్నారు. వాళ్లు కళ్లు తెరిచేసరికి దానియేలు కుంటుకుంటూ బయటికి పోతున్నాడు. మళ్లీ ఆ చర్చి గడప తొక్కలేదు. ఇంట్లోనూ మాట తగ్గించాడు. పాదం నల్లబడుతున్న సంగతి కూడా చెప్పలేదు.

చివరికి రియాజ్ వచ్చాడు. కాంతమ్మ గిన్నెలు తోముతున్న వేళ అది. రియాజ్ ఫ్రిజ్ తలుపు తెరిచి, లోపలి సామాను ఒక్కొక్కటే తీసి ఎవరు దగ్గరుంటే వాళ్ల చేతికి ఇయ్యసాగాడు. స్టీలు డబ్బా కాంతమ్మ చేతికొచ్చింది. మూత తీసింది. సీసా రాయిలా ఉంది. తలకిందులు చేసింది. లోపలి మందు కదల్లేదు.

రియాజ్ మీట విప్పి చూసి, “మోటరును ఆపే స్విచ్ అతుక్కపోయింది సేటమ్మా. మీరు నంబరు ఎంత తగ్గించినా అది ఆగదు. ఎన్నటిసంది ఉంది గిట్ల?” అన్నాడు.

“ఉగాది ముందరి సంది.”

కాంతమ్మ సీసా పట్టుకొని లేచి నిలబడింది.

“అమ్మా, మందు గడ్డకట్టింది!”

“రోజూ గట్లనే ఉంటది,” అంది ఈశ్వరమ్మ. “నువ్వొచ్చేసరికి తీసి కిటికీల పెడ్త. కరిగినంకనే గద నీకిచ్చేది.”

ఆమె గొంతులో తప్పు చేసినట్టే లేదు. అంత శ్రమ తీసుకుంటున్నందుకు కొంచెం గొప్ప కూడా ఉంది.

కాంతమ్మ తడి చేతులతోనే సీసా కొంగున కట్టుకొని వనపర్తి బస్సెక్కింది. సంగతంతా విన్న డాక్టరు సీసాను బల్ల మీద పెట్టాడు.

“గడ్డకట్టి కరిగిందంటే ఇందులో మందు గుణం పోయినట్టే. నీళ్లు పొడిచినట్టే ఇన్నాళ్లూ. ఇంట్లో నీళ్ల కుండ, రంజన్ ఉందా?”

“ఉంది సారూ.”

“తడిబట్టలో చుట్టి రంజన్ పక్కన పెట్టినా నెల దాకా ఏం కాకపోయేది.”

“మాకెవలు చెప్పలే సారూ.”

డాక్టరు కొత్త సీసా రాసిచ్చి, మనిషిని వెంటనే తీసుకురమ్మన్నాడు. తీసుకొచ్చాక పాదం చూసి, అక్కడినుంచి అటే పెద్ద దవాఖానకు పంపాడు. అక్కడ మోకాలి కింద కాలు తీసేశారు.

ఊరికొచ్చాక కాంతమ్మ పనికి పోయింది. ఈశ్వరమ్మ వెనక వాకిట్లోనే ఆపింది.

“మా ఫ్రిజ్ వల్ల నీ మొగుని కాలు పోయిందని వాడకట్టంత చెప్తున్నవంట?”

“మీ వల్ల అనలేదమ్మా. మందు గడ్డకట్టిందన్న, గంతే.”

“రెండూ ఒకటే. పాపమని పెట్టుకోనిస్తే నాకు మంచి పేరే తెచ్చినవ్.”

కాంతమ్మ ఎప్పుడూ ఎదురు మాట్లాడిన మనిషి కాదు. ఆ రోజు మాత్రం అంది.

“పాలు కిందికి దించినప్పుడు దాన్ని గూడ జర దించుంటె అయిపోతుండె గదమ్మా.”

ఈశ్వరమ్మ ముఖం ఎర్రబడింది.  “రేపటిసంది రాకు. వేరేటామెను మాట్లాడుకున్న,” అని తలుపు వేసుకుంది.

కాంతమ్మ ఇంటికొచ్చి పని పోయిందని చెప్పింది. మంచం మీద గోడకు ఆనుకొని ఉన్న దానియేలు వినీ విననట్టే ఉన్నాడు. ఆమె రంజన్ పక్కనున్న తడిబట్టలోంచి సీసా తీసి సిరంజిలోకి మందు లాగింది. అతని పక్కన కూర్చుంది. దవాఖానలో ఉన్నన్ని రోజులూ అనలేకపోయిన మాట అప్పుడు అంది.

“నాదే తప్పు. నీ మాట నమ్మలే.”

“డాక్టరు నమ్మలే, పాస్టరు నమ్మలే. వాళ్లంటె బైటోళ్లు,” అన్నాడు దానియేలు.

చెయ్యి చాపాడు.

“సూది ఇటియ్యి. నేనే వేసుకుంట.”

అతనికి అలవాటు లేదు. సూది పక్కకు పోయింది. పొట్ట మీద రక్తం బొట్టు తేలింది. కాంతమ్మ కొంగుతో తుడవబోయింది. దానియేలు అంగీ కిందికి లాక్కొని గోడ దిక్కు తిరిగాడు.