నడిచి వచ్చేంత దూరంలో

పిల్లల యూనిఫాములు ఇస్త్రీ చేస్తుంటే మా ఆయన వెనక నుంచి వచ్చి, "ఇల్లు చూడ్డం పెద్ద పనేం కాదు, ఏమేం ఉండాలో నేను లిస్టు రాసిస్తాలే," అన్నాడు. చిన్నదాని చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె ఒక్క క్షణం ఎక్కువ ఆగిపోయింది. తెల్ల గుడ్డ మీద లేత గోధుమరంగు మచ్చ పడింది. దాన్ని తడిగుడ్డతో రుద్దుతూ, సరేనండీ అన్నాను. అలవాటైన నోరు, అదే అనేసింది.

పద్నాలుగేళ్ళలో నాలుగు ఊళ్ళు మారాం. నాలుగూ ఆయన ఉద్యోగం కోసమే. ప్రతిసారీ ఆయన ముందు వెళ్ళి ఇల్లు చూసి, అడ్వాన్సు ఇచ్చేసి, బాగుంది, నీకు నచ్చుతుంది అని ఫోన్ చేసేవాడు. నేను పిల్లల్నీ అత్తయ్యనీ వెంటబెట్టుకుని వెళ్ళి, తలుపు తీశాక చూసేదాన్ని, నాకు నచ్చే ఇల్లు ఎలా ఉంటుందో. ఒకదానికి వంటింటి కిటికీ తెరిస్తే చేతికందేంత దగ్గర్లో పక్కింటి గోడ. ఇంకోదాని నుంచి నేను పనికి వెళ్ళాలంటే రెండు బస్సులు మారాలి, మధ్యాహ్నం రెండున్నరకల్లా స్కూలు గేటు దగ్గర ఉండాలి. ఆ రెండూ ఒక మనిషికి కుదిరేవి కావు. అలా మూడుచోట్ల ఉద్యోగం మానేశాను. నన్నెవరూ మానమనలేదు, ఇల్లే మానిపించింది. ఇప్పుడుంటున్న ఇంట్లో వంటిల్లు చాలా పెద్దది, కానీ ఇంటి వెనకెక్కడో ఉంటుంది. హాల్లో అందరూ కూచుని నవ్వితే ఆ నవ్వు నాదాకా వచ్చేది, జోకు వచ్చేది కాదు. గరిట పట్టుకుని పరుగున వెళ్ళి ఏమైందేమైంది అని అడిగితే, "ఏం లేదులే, నీకు చెప్పినా అర్థం కాదు," అనేవాడు మా ఆయన.

నేను చేసేది పళ్ళ పని. డాక్టర్లు కొలతలు తీసి పంపిస్తే, వాటిని బట్టి ల్యాబ్‌లో కట్టుడు పళ్ళూ క్యాపులూ తయారుచేస్తాం. పళ్ళు తెల్లగా ఉంటాయనుకుంటారు గానీ ఏ ఇద్దరి పళ్ళూ ఒకే తెలుపు ఉండవు. ఒకరివి పాలలాగా ఉంటాయి, ఒకరివి పాతబడిన కాగితంలాగా ఉంటాయి, ఒకరికి చివర్లు మాత్రం నీలంగా పారదర్శకంగా ఉంటాయి. ఆ తేడా పట్టుకోవడం నాకు చాతనవును. కానీ ఊరు మారినప్పుడల్లా మళ్ళీ అచ్చుల్లో ప్లాస్టరు పోసే బల్ల దగ్గరే మొదలుపెట్టేదాన్ని. ఒకసారి ఒక పెద్ద డాక్టరు స్వయంగా ల్యాబ్‌కి వచ్చి, ఈ ముందు పన్ను ఎవరు చేశారండీ, సొంత పన్నుకీ దీనికీ తేడా తెలియట్లేదు అన్నాడు. "మా కుర్రాళ్ళేనండీ," అన్నాడు సూపర్‌వైజరు. నేను రెండడుగుల దూరంలో, మోచేతుల దాకా ప్లాస్టరు పొడితో నిలబడి ఉన్నాను. ఆ సంగతి ఇంట్లో చెబితే మా ఆయన నవ్వి, పోనీలే, నీకు జీతమైతే వచ్చిందిగా అన్నాడు.

అలాంటిది కిందటి నెల మా ల్యాబ్ ఓనరు, అందరం పెద్దాయన అని పిలుస్తాం, నన్ను కూచోబెట్టి వేరే నగరంలో కొత్త ల్యాబ్ పెడుతున్నామని చెప్పాడు. "అక్కడ తాళంచెవులు నీ దగ్గర ఉంటాయమ్మా. పన్నెండుమంది నీ కింద పనిచేస్తారు," అన్నాడు. తాళంచెవులు అన్న మాట దగ్గరే నా చెవులు వేడెక్కాయి, తర్వాత ఆయనేం చెప్పాడో సగమే వినబడింది. ఇంట్లో చెబితే మా ఆయన కాసేపు ఆలోచించి, నాదేముంది, ఇంట్లోంచే పని కదా, ఎక్కడైనా అదే ల్యాప్‌టాప్ అన్నాడు. నాకు ఆయన మీద ఎంత కృతజ్ఞత పొంగిందంటే కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది. మర్నాడు గిన్నెలు తోముతుంటే తట్టింది. నేను నాలుగుసార్లు కదిలినప్పుడు ఎవరి కళ్ళూ తడవలేదు.

ఇల్లు చూడ్డానికి పెద్దాయన మూడు రోజులు సెలవిచ్చి బస ఏర్పాటుచేశాడు. మా ఆయన లిస్టు ఫోన్‌లోకి వచ్చింది. నిశ్శబ్దమైన చోటు, గేటుకి కాపలా, కారుకి నీడ, అమ్మకి ప్రశాంతత, పెద్ద వంటిల్లు. చివరిదాని పక్కన "నీ కోసం" అని రాశాడు. మ్యాపులో నగరం అంచున ఒక కొత్త కాలనీకి గుర్తు కూడా పెట్టి, ఒకసారి చూసి ఓకే చెప్పు, చాలు అన్నాడు.

ఆ మొదటి రోజు పొద్దున ఆరింటికే మెలకువ వచ్చింది. ఎవర్నీ లేపనక్కర్లేదు. ఎవరి సాక్సూ వెతకనక్కర్లేదు. మంచం మీద కూచుని కాళ్ళు ఊపుకుంటూ, కిటికీలోంచి నాకు పేర్లు తెలియని వీధులన్నీ చూస్తుంటే, పరీక్షలైపోయిన పిల్లలా ఒళ్ళంతా తేలికైపోయింది. ముప్పయ్యెనిమిదేళ్ళ దాన్ని, ఒక్కదాన్నే టీ తాగడానికి వెళ్ళి, ఊరికే రెండో టీ కూడా తాగాను.

ఇళ్ళు చూపించే ఆవిడ స్కూటర్ మీద వచ్చింది. యాభై దాటి ఉంటాయి. నా కోసం ఇంకో హెల్మెట్ తెచ్చి, నా తలకి తనే బిగించి, గట్టిగా పట్టుకోండి, నేను కొంచెం తొందర మనిషిని అంది. కొత్త కాలనీకి గంటకు పైనే పట్టింది. ఇల్లు నిజంగానే బాగుంది. తెల్ల గోడలు, విశాలమైన వంటిల్లు, బయట ఒక్క మనిషి అలికిడి లేదు. దగ్గరలో దుకాణమేదని అడిగితే, కారుంటే పది నిమిషాలు అంది. బస్సో అంటే, గేటు దాకా రాదు అంది. నాకు కారు నడపడం రాదు. నేర్పిస్తానని మా ఆయన అంటున్నది తొమ్మిదేళ్ళుగా. ల్యాబ్‌కి ఎంతసేపు పడుతుందో ఫోన్‌లో చూశాను. వెళ్ళడానికి గంటన్నర, రావడానికి గంటన్నర. ఆ వంటింట్లో మధ్యలో నిలబడి, బాగుంది అన్నాను. నా గొంతు గోడలకి తగిలి నాకే తిరిగొచ్చింది.

ఆవిడ గట్టు మీద హెల్మెట్ పెట్టి నావైపు తిరిగింది. "సార్ లిస్టు నాకూ పంపారు, చదివాను. మరి మీ లిస్టేదమ్మా?"

నా దగ్గర లేదు. ఉండాలనే తెలియదు. సిగ్గేసింది. రేపు చెబుతానన్నాను, హోంవర్క్ మరిచిపోయినదానిలా.

సాయంత్రం గదికి వచ్చి, లాండ్రీ చీటీ ఒకటి తిరగేసి పెన్ను పట్టుకున్నాను. మొదటి వాక్యానికి అరగంట పట్టింది. పిల్లలకి అని మొదలుపెట్టి కొట్టేశాను, అత్తయ్యకి అని మొదలుపెట్టి కొట్టేశాను. చివరికి, నేను నడిచి ఇంటికి రావాలి అని రాశాను. అది రాయగానే మిగతావి వాటంతటవే వచ్చేశాయి. చీకటి పడ్డాక కూడా వీధిలో ఆడవాళ్ళు నడుస్తూ ఉండాలి. పిల్లలు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా స్కూలుకి వెళ్ళగలగాలి. వంట చేస్తూ హాల్లో మాటలు వినగలగాలి. చీటీ నిండిపోయి అంచుల్లో కూడా రాశాను.

మర్నాడు పొద్దున్నే అత్తయ్యకి ఫోన్ చేశాను. ఆవిడకి ప్రశాంతత కావాలని మా ఆయన లిస్టులో ఉందిగా, అదొక్కటి ఆవిడనే అడుగుదామనిపించింది. ప్రశాంతత ఎవరు కావాలన్నారు అని అడిగింది. మీ అబ్బాయి అన్నాను. ఆవిడ గొంతు తగ్గించి, పక్క గదిలో ఉన్న కొడుకుకి వినపడకుండా చెప్పింది. "నాకీ ప్రశాంతతతో ప్రాణం విసిగిపోయిందే అమ్మాయ్. పొద్దున్నుంచి సాయంత్రం దాకా గోడని చూడలేక చస్తున్నా. నాలుగు మెట్లున్నా పర్లేదు, కిటికీలోంచి మనుషులు కనబడే ఇల్లు చూడు. నేనే వెళ్ళి కూరలు కొనుక్కుంటా." మోకాళ్ళో అన్నాను. మోకాళ్ళ సంగతి మోకాళ్ళు చూసుకుంటాయి అంది. నాలుగు ఇళ్ళలో ఆవిడనీ ఎవరూ అడగలేదన్న సంగతి, ఇన్నేళ్ళు ఒకే కప్పు కింద ఉండి నేను కూడా అడగలేదన్న సంగతి అప్పుడే తెలిసింది.

లాండ్రీ చీటీ చదివి స్కూటర్ ఆవిడ గట్టిగా నవ్వి, ఇది ముందే ఇచ్చి ఉంటే నిన్న పెట్రోలు మిగిలేది కదమ్మా అంది. ల్యాబ్ ఆ కాలనీకి పూర్తిగా అవతలివైపు, నగరం శివారులో ఉంది. అక్కడి నుంచి లోకల్ రైలులో మూడు స్టేషన్లు ఇవతల, పాత అపార్టుమెంట్ల పేట ఒకటి ఉంది. చూడ్డానికేం గొప్పగా లేదు. గోడల రంగులు వెలిసిపోయాయి, బాల్కనీల నిండా బట్టలు ఆరేసి ఉన్నాయి. కానీ స్టేషన్ మెట్లు దిగగానే మందుల షాపు, పక్కనే కూరగాయల బళ్ళు, ఆ పక్కన ఒక లైబ్రరీ. ఆవిడ ఇల్లు చూద్దాం పదండన్నా నేను వెంటనే వెళ్ళలేదు. స్కూలు వదిలే టైముకి గేటు ఎదురుగా నిలబడ్డాను. పిల్లలు గుంపులు గుంపులుగా, సంచులు ఊపుకుంటూ, వాళ్ళంతట వాళ్ళే వెళ్ళిపోతున్నారు. రోడ్డు దాటే చోట ఒక పెద్దావిడ ఎర్ర జెండా పట్టుకుని బళ్ళని ఆపుతోంది. మందుల షాపులో కూచున్న అమ్మాయిని, రాత్రి ఎన్నింటికి మూస్తారు, ఒక్కదానివే వెళ్తావా అని అడిగాను. తొమ్మిదింటికి మూస్తానక్కా, ఒక్కదాన్నే వెళ్తాను అంది, ఇదేం ప్రశ్న అన్నట్టు చూస్తూ. ఆ చూపు చూసి నేను సగం ఒప్పేసుకున్నాను.

ఇల్లు స్టేషన్ నుంచి ఐదు నిమిషాల నడక, మొదటి అంతస్తులో ఉంది. కింద ఇంటావిడ కుట్టు మిషన్ల దుకాణం నడుపుతోంది. పైన రెండు పడకగదులు, ఒక చిన్న గది, వీధి మీదకి బాల్కనీ. వంటిల్లు చిన్నది, ఇద్దరు నిలబడితే భుజాలు తగులుతాయి. తలుపు లేదు, నేరుగా హాల్లోకి తెరుచుకుని ఉంది. గట్టు దగ్గర నిలబడి హాల్లో ఉన్న స్కూటర్ ఆవిణ్ణి ఏదైనా జోకు చెప్పండి అన్నాను. పిచ్చిదాన్ననుకుందేమో, అయినా చెప్పింది. ప్రతి మాటా వినబడింది. జోకేం బాగాలేదు కానీ ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం.

బాల్కనీలోంచే మా ఆయనకి ఫోన్ చేసి ఫొటోలు పంపాను. చూశాడు. వంటిల్లు మరీ అగ్గిపెట్టెలా ఉంది, నీ కోసమే కదా పెద్దది చూడమన్నాను అన్నాడు. కారెక్కడ పెడతాం అన్నాడు. వీధి గోల అమ్మకి పడదన్నాడు. అత్తయ్య ఏమందో చెప్పాను, నమ్మలేదు, ఫోన్ పట్టుకునే లోపలికి వెళ్ళి అడిగాడు. తిరిగొచ్చాక గొంతు కొంచెం తగ్గింది. అయినా కాలనీయే నయం, గంటన్నరేగా, రైల్లో కూచుని కునుకు తియ్యొచ్చు అన్నాడు. మరి పిల్లలు స్కూలు వ్యాను దిగేటప్పటికి ఇంట్లో ఎవరుంటారు అని అడిగాను. "నువ్వే కదా," అన్నాడు, చాలా మామూలుగా. అప్పుడు నేను ఇంటికొచ్చేది ఏడున్నరకి అని చెప్పాను. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. నా కొత్త ఉద్యోగం గురించి నెల రోజులుగా మాట్లాడుకుంటున్నాం, కానీ ఆయన తలలో నేను ఆ ఉద్యోగమూ చేస్తూ, మధ్యాహ్నం గేటు దగ్గరా నిలబడే ఉన్నాను.

"మీరు ఇంట్లోనే ఉంటారు కదండీ," అన్నాను.

"నాకు మీటింగులుంటాయి."

"నాకు పళ్ళుంటాయి."

అనేశాక అందులో ఏముందో నాకూ తట్టింది, ఆయనకీ తట్టింది. ముందు ఆయనే నవ్వాడు, ఆపుకోలేక. నేనూ నవ్వాను, కానీ మాట వెనక్కి తీసుకోలేదు. ఇదివరకైతే ఆ నవ్వుతోనే సరేలెండి అనేసి ఉండేదాన్ని. ఆలోచించుకుని మళ్ళీ చేస్తా అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

నేను కిందికి దిగాను. ఇంటావిడ మిషన్ ఆపి కళ్ళజోడు తీసింది. సార్ కూడా వచ్చి చూశాక కాగితాలు రాసుకుందామా అంది. అక్కర్లేదండీ, ఇప్పుడే రాసుకుందాం అన్నాను. పెన్ను పట్టుకున్నాను. పెద్ద జాతరలో మొదటిసారి రంగులరాట్నం ఎక్కి కూచుని, అది కదలబోతోందని తెలిసినప్పటిలా ఉంది. పూర్తి పేరు రాశాను. చేసే పని అన్న చోట ల్యాబ్ ఇన్‌చార్జ్ అని రాసి, ఆ అక్షరాలు ఆరేదాకా చూశాను.

వీధిలోకి వచ్చి నిలబడ్డానో లేదో ఫోన్ మోగింది. ఇల్లు తీసేసుకున్నానని చెప్పాను. నన్నడక్కుండానా అన్నాడు. అవునండీ అన్నాను. అవతల పిల్లల మాటలు వినబడుతున్నాయి.

"స్కూలు ఎనిమిదింపావుకి," అన్నాను. "నేను ఏడుంపావుకల్లా రైలెక్కాలి, ల్యాబ్ తాళం నేనే తియ్యాలి. చిన్నదానికి రోడ్డు అలవాటయ్యేదాకా రోజూ మీరే తీసుకెళ్ళాలి. మధ్యాహ్నం మీరే తీసుకురావాలి."

మీటింగుల మాట వస్తుందని ఎదురుచూశాను. రాలేదు. కాగితమో ఏదో చేతికి తీసుకున్న చప్పుడు వినబడింది.

"దారి ఎటు?" అన్నాడు.

"మనింటి మెట్లు దిగగానే ఎడమవైపు తిరగాలండీ," అని చెప్పడం మొదలుపెట్టాను, చెబుతూనే నడవడం కూడా.