ముట్టకూడని కాఫీ

మావాళ్లకు రాజు గురించి తెలిసింది రెండే ముక్కలు. కోపం వస్తే తల తీయిస్తాడు, కాళ్ల మీద పడితే వదిలేస్తాడు. అందుకే మా అక్క మొగుడు బాలమల్లు బావకు అరబ్బు దేశంలో ఒక పిల్లవాడి చావు కేసులో మరణశిక్ష పడిందని తెలియగానే, సిరిసిల్లలో మా వాడంతా ఒక్కటై రాజుగారికే అర్జీ రాసింది. కింద నూట ఎనభై సంతకాలు, వేలిముద్రలు. బట్టలు నేసే సాంచాలు బంద్ పెట్టి మరీ వచ్చి వేశారు. పంపిన నాలుగు నెలలకు జవాబొచ్చింది. చనిపోయిన పిల్లవాడి తెగ క్షమించాలి, ఆ తర్వాతే రాజు సంతకం.

అదేం రాజరికమని నేను మండిపడ్డాను. అప్పటికి నేనూ అదే దేశంలో కూరగాయల గోదాములో మూటలు మోస్తున్నాను. అక్కడ ఇరవై రెండేళ్లుగా ఉంటున్న జగిత్యాల ఖాజా భాయ్ నన్ను కూర్చోబెట్టి చెప్పాడు.

"రాజు తల్లి గా తెగ ఆడబిడ్డ. గద్దె కోసం అన్నదమ్ములకు పంచాయితీ అయినప్పుడు గీ తెగోళ్లే బందూకులు పట్టుకొని ఈయన దిక్కు నిలవడ్డరు. మేనమామలను కాదని నీ బావకు మాఫీ ఇస్తడా? జర సోంచాయించు."

రాజుకూ మేనమామలుంటారని నూట ఎనభై మందిలో ఒక్కరికీ తోచలేదు. మా వాడలో సర్పంచి ఎన్నికలకు ఎవరు ఎవరి బామ్మర్దో వేళ్ల మీద లెక్కపెట్టేవాళ్లమే, సముద్రం దాటేసరికి ఆ తెలివి ఎక్కడ పోయిందో.

బావ చేసిన నేరం కూడా చెప్పాలి. ఎడారిలో గొర్రెల మంద దగ్గర ఆయన పని. ఒక మధ్యాహ్నం యజమాని అన్న కొడుకు, ఇరవై ఏళ్లవాడు, నీళ్ల మోటారు పాడుచేశావని చెంప మీద కొట్టాడు. మళ్లీ కొట్టాడు. మూడోసారి చెయ్యెత్తితే బావ తోశాడు. వాడు వెనక్కి పడ్డాడు, ఇనుప తొట్టి అంచు తలకు తగిలింది. బావ పారిపోలేదు. వాళ్లు వచ్చేదాకా ఆ పిల్లవాడి తల ఒళ్లో పెట్టుకొని నీళ్లు పోస్తూ కూర్చున్నాడు. బట్టల నిండా రక్తం. కోర్టులో అదే సాక్ష్యమైంది.

ఇక్కడ సిరిసిల్లలో మా నర్మదక్క వేములవాడ రాజన్నకు మొక్కింది. మొగుడు ఇల్లు చేరేదాకా చాయ్ ముట్టనని. రోజుకు వెయ్యి బీడీలు చుట్టే మనిషికి చాయే అన్నం, చాయే మందు. తలనొప్పితో గోడకు నుదురు ఆనించి కూర్చునేది తప్ప మొక్కు తప్పలేదు. శుక్రవారం శుక్రవారం జైలు నుంచి ఫోన్ వచ్చేది. బావ మొదటి మాట అదే, చాయ్ తాగినవా అని. నువ్వు రా, తాగుతనని ఈమె. రెండేళ్లు ఇదే మాట.

చివరికి నాకొక దారి దొరికింది. నా కఫీలు, అంటే నన్ను వీసా మీద తెచ్చుకున్న అరబ్బు, తన చెల్లెలిని ఆ తెగలోనే ఇచ్చాడు. వియ్యమందిన ఇల్లు కాబట్టి ఒక్కసారి అడగగలనన్నాడు. తన తెగ పెద్దలు ఆరుగురిని పోగుచేశాడు. నేరస్థుడి తరఫున ఒక రక్తసంబంధీకుడు ఉండాలట. నేను భార్య తమ్ముణ్ణని చెబితే, తమ లెక్కలో అది పరాయి కిందే లెక్కని నవ్వి, సరే రమ్మన్నాడు.

ఖాజా భాయ్ నాకు అన్నీ నేర్పాడు. చెప్పులు ఎక్కడ విడవాలి, కాళ్లు ఎటు ముడవాలి, అడగనిదే నోరు విప్పొద్దని. ఒక్కటి చెప్పలేదు. అది తెలియని మనిషి ఉంటాడని ఆయనకు తోచలేదు.

పొడుగాటి గదిలో గోడల వెంట పరుపులు. ఎదురుగా చనిపోయినవాడి పెదనాయన, ఆ తెగకు పెద్ద, తెల్లగడ్డం ముసలాయన. ఒకడు ఇత్తడి కూజాతో వచ్చి చిన్న చిన్న కప్పుల్లో కాఫీ పోస్తూ పోయాడు. నా కఫీలుతో కలిపి మావైపు ఏడుగురూ అందుకొని కప్పులను తమ ముందు నేల మీద పెట్టారు. చల్లారితే తాగుతారేమో అనుకున్నాను. చివర నేనున్నాను. కప్పు నా చేతికొచ్చింది.

మా దగ్గర పగ ఉన్న ఇంటికి రాజీకి పోతే, వాళ్లిచ్చిన నీళ్లు ముట్టకపోతే పగ ఇంకా ఉన్నట్టే. పిల్లను చూడబోయినా, చావుకు పోయినా, పెట్టింది కాదంటే ఇంటినే కాదన్నట్టు. పైగా మేము చంపినవాళ్లం, వాళ్లు పోగొట్టుకున్నవాళ్లు. నేనెవరిని కాదనడానికి?

తాగాను. చేదు. మళ్లీ పోశాడు. వద్దంటే తప్పేమోనని మళ్లీ తాగాను. మూడోదీ తాగాను. తల ఎత్తేసరికి అందరి చూపూ నా మీదే ఉంది. నా కఫీలు ముఖం సున్నం కొట్టిన గోడలా తెల్లబోయింది.

ముసలాయన ఏదో అన్నాడు, గొంతు పెంచకుండానే. ఏడుగురూ ఒక్కొక్కరే వంగి తమ కప్పులు తీసుకొని తాగారు.

కఫీలు నన్ను కారులో తెచ్చి గోదాము దగ్గర దించి వెళ్లిపోయాడు. సాయంత్రం ఖాజా భాయే చెప్పాడు. అడగవచ్చినవాడు కాఫీ ముట్టడట. ముట్టని కప్పు ఎదురుగా ఉన్నంతసేపు ఇంటాయన మెడ మీద ఆ మాట కూర్చున్నట్టే. అడిగింది ఇచ్చానని ఇంటాయన అంటేనే తాగుతారు. ముసలాయన అన్నదేమిటంటే, సొంత మనిషే తాగాడు, ఇక అతనికి మా దగ్గర పనేమీ లేదు, మీరూ తాగండి అని. ఒకసారి తాగాక ఆ మాట మళ్లీ ఎత్తకూడదు.

బతిమాలడానికి పరాయివాణ్ణట, తాగడానికి మాత్రం సొంతవాణ్ణయ్యాను.

ఎట్లాగూ ఇచ్చేవాడు కాదులే, సాకు దొరికిందంతే అని ఖాజా భాయ్ ఓదార్చాడు. నిజమే కావచ్చు. అది నాకు ఈ జన్మలో తెలియదు. నన్ను తినేది అదే.

వాళ్లు ఆలోచిస్తున్నారని నెలరోజులు అక్కకు ఫోన్లో అబద్ధం చెప్పాను. తర్వాత సెలవు పెట్టి వచ్చేశాను. అక్క బీడీల చాట పక్కన పెట్టి నాకు చాయ్ కాచి తెచ్చింది. కప్పు ముందు పెట్టుకొని కూర్చున్నాను. చేతికి ఎత్తబుద్ధి కాలేదు.

"సల్లారుతుంది తమ్మీ, తాగు," అంది.

అప్పుడు చెప్పాను. మొదటి నుంచి చివరిదాకా, మూడు కప్పులూ చెప్పాను. తిడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. అక్క తన వేళ్లకంటిన తంబాకు పొడి దులుపుకుంది.

"ఎట్లుండె?" అని అడిగింది.

"చేదుగుండె."

"చేదుగున్నా తాగినవా?"

"ఇంట్ల పెట్టింది కాదంటే ఎట్లక్కా?"

"అవు. నేనున్నా తాగేదాన్నే."

ఆ మాటకు నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. నా ముందున్న కప్పు తీసుకుంది. పైన కట్టిన మీగడను వేలితో పక్కకు నెట్టి, చల్లారిన ఆ చాయ్‌ని గుటకలు వేస్తూ అడుగుదాకా తాగింది. ఆపాలనుకున్నాను. ఏమని ఆపను?

ఖాళీ కప్పు నేల మీద పెట్టి, చాట మళ్లీ ఒళ్లోకి లాక్కుంది.

"ఎల్లుండి శుక్రారం. ఆయన ఫోన్ జేస్తడు. నువ్వేం జెప్పకు తమ్మీ. చాయ్ తాగినవా అని అడుగుతడు గదా, తాగిన అని నేనంట. ఆయనకు సమజైతది."